వాసన రాసి పంపు

జూన్ 28

అత్తా,

నీ కషాయం పొట్లం మంగళవారం అందింది. నాకు గొంతు పట్టేసిందని నాన్న అప్పుడే నీ చెవిన వేశాడన్నమాట. పొట్లం మీద నీ గుండ్రటి అక్షరాలతో “రెండు చెంచాలు, గ్లాసున్నర నీళ్లు, గ్లాసయ్యేదాకా మరగాలి” అని చూడగానే సగం జలుబు పోయింది. మిగతా సగం తాగాక పోయింది. ముందు దానికి నీకొక దండం.

అసలు కథ ఆ తర్వాత మొదలైంది. మా హాస్టలు గదిలో నలుగురం అని చెప్పాను కదా. ఎప్పుడూ దుప్పట్లోనే ఉండే నిద్రమొహం, గుమ్మం తగలకుండా తల వంచుకుని వచ్చే పొడుగు, ప్రతిదానికీ “ఎంత, ఎన్ని, ఎంతసేపు” అని అడిగే లెక్కలపిల్ల, నేను. నన్నిక్కడ కూడా వాగుడుకాయ అనే పిలుస్తున్నారు. నువ్వు పెట్టిన పేరని నేను చెప్పలేదు, వాళ్లకి వాళ్లే కనిపెట్టారు!

సాయంత్రం చదువు గంటకి ముందు వంటగదిలో ఆయమ్మని బతిమాలి ఒక పొయ్యి సంపాదించాను. నీళ్లు మరిగేసరికి వీళ్లు ముగ్గురూ వాసన పట్టుకుని వచ్చేశారు.

“ఏంటే ఇది, ముసలాళ్ల మందా?” అంది పొడుగు.

“మందైతే ఇంత కమ్మగా ఎందుకుంటుంది?” అని నిద్రమొహం నా గ్లాసు లాక్కుంది. నిద్రమొహం తనంతట తాను ఒక వస్తువు లాక్కోవడం ఈ సంవత్సరంలో ఇదే మొదటిసారి.

మూడో రోజుకి పక్కగది వాళ్లు గ్లాసులు పట్టుకుని వరసకట్టారు. రోజూ క్యాంటీన్లో రంగుసోడా తాగేవాళ్లే అందరూ! సెలవుల్లో నిద్రమొహం ఫోనులో చూసిందట, ఎక్కడెక్కడి పిల్లలో గాజుసీసాల్లో ఆకులూ వేర్లూ వేసుకుని తాగుతూ ఫొటోలు పెడుతున్నారట. “మనం ఫ్యాషన్లో ఉన్నామే” అని గ్లాసుని కిటికీ వెలుగులో పెట్టి అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఇక్కడ ఫోన్లన్నీ వార్డెనమ్మ బీరువాలో ఉంటాయి కాబట్టి ఫొటో తీసుకునే యోగం లేదు. ఆ మూలికల దుకాణంలో ఇరవై రెండేళ్లుగా నువ్వు ఫ్యాషన్లో ఉన్నావత్తా, నీకెవరైనా చెప్పారా?

పొట్లం అయిపోయింది. ఇంకొంచెం పంపగలవా? ఇంకొక మాట. మా తెలుగు టీచరు నాకొక నోటుపుస్తకం ఇచ్చి నచ్చిన మాటలు రాసుకోమన్నారు. మొదటి పేజీలో “మరుగు” అని రాసుకున్నాను. నీళ్లు మరుగుతున్నప్పుడు చెవి దగ్గర పెట్టి వింటే ఆ మాటే వినిపిస్తుంది.

నీ గొంతు బాగైన మేనకోడలు

*

జూలై 3

వాగుడుకాయకి,

మూకుడు దించి, చేతులు కడుక్కుని రాస్తున్నాను. కాయితం మీద గోధుమరంగు వేలిముద్ర కనిపిస్తే అది దాల్చినచెక్క, మురికి కాదు.

నీ ఉత్తరం చదువుతూ నాలో నేనే నవ్వుకుంటుంటే షావుకారు గారు ముందుగదిలోంచి తొంగిచూశారు. “ఏమ్మా, అంత సంబరం, ఎవరు రాశారు?” అన్నారు. “మా కోడలండీ” అన్నాను. “నువ్వు పెళ్లే చేసుకోలేదు, కోడలెక్కణ్ణుంచి ఊడిపడింది?” అన్నారు. మేనకోడలని చెప్పాక కూడా ఆయన ఆ హాస్యాన్ని వచ్చిన ప్రతి ఖాతాదారుకీ ఒకసారి వినిపించారు.

మూడు పొట్లాలు పంపుతున్నాను. మీ వయసు పిల్లలు వీటిని అడిగి తాగుతున్నారంటే నాకెంత బాగుందో చెప్పలేను. మా దుకాణానికి వచ్చేవాళ్లలో యాభై దాటని మొహం చూసి చాలా కాలమైంది. వాళ్ల పిల్లలు బయట మెట్ల మీద నిలబడి ముక్కులు మూసుకుంటారు.

నీతో ఒక పని ఉంది. నువ్వు “కమ్మగా” అని రాశావు. కమ్మగా అంటే ఎలా? నెయ్యీ కమ్మగానే ఉంటుంది, కొత్త బియ్యమూ కమ్మగానే ఉంటుంది. పొట్లం విప్పగానే ముందు ఏ వాసన వచ్చింది, దాని వెనకాల ఏది వచ్చింది, నీళ్లు పడ్డాక ఏది మిగిలింది, చల్లారాక ఏది పోయింది, అన్నీ విడివిడిగా రాసి పంపు. “బాగుంది” అని మాత్రం రాయకు. అది మాట కాదు, తల ఊపడం.

ఫోను చెయ్యొద్దు. లోపలగదిలో మర తిరుగుతుంటే నాకు ఒక్క ముక్క వినపడదు. ఉత్తరమైతే పొయ్యి పక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చదువుకోవచ్చు.

అత్త

*

జూలై 8

అత్తా,

నాకు అర్థమైంది! నువ్వు నాకు రాయడం నేర్పుతున్నావు కదూ? మా టీచరుకి నీ ఉత్తరం చూపించాను. “మీ అత్త ఏ కాలేజీలో పాఠం చెబుతారు?” అని అడిగారు. మూలికల దుకాణంలో వేరుముక్కలు వేయిస్తుందని చెప్తే, “అయితే నీకు ఇద్దరు టీచర్లు” అన్నారు.

సరే, పాఠం అప్పజెబుతున్నాను. మొదటి పొట్లం.

విప్పగానే ముందు సోంపు వచ్చింది. పిలవకుండానే గదిలోకి వచ్చి నవ్వుతూ కూర్చునే చుట్టంలా. దాని వెనక దాల్చినచెక్క, నెమ్మదిగా, కొత్త చెక్క పెట్టె మూత తీసినట్టు. శొంఠి కోసం వెతకాల్సి వచ్చింది. దొరికినప్పుడు దానితోపాటు సన్నగా ఇంకొక వాసన ఉంది. ఇస్త్రీపెట్టె కాలరు మీద ఒక్క క్షణం ఎక్కువసేపు ఉంటే వస్తుంది చూడు, అది. మాడింది అనలేను, మాడబోయి ఆగింది. నీళ్లు పడ్డాక అతిమధురం తియ్యగా పైకి తేలి ఆ ఇస్త్రీ వాసనని కప్పేసింది. చల్లారాక మాత్రం మళ్లీ బయటపడింది.

ఎలా ఉంది? పదికి ఎన్ని?

ఇప్పుడు సాయంత్రం గ్లాసులు పదిహేడు. పరీక్షల ముందు నిద్ర ఆపుకోవడానికి చిక్కటి కాఫీ తాగి చేతులు వణికించుకునే పై తరగతి అక్కలు కూడా వస్తున్నారు. లెక్కలపిల్ల మనమే ఇక్కడ వేయించుకుని చేసుకుందాం అంటోంది. శొంఠి ఎన్ని నిమిషాలు, సోంపు ఎన్ని నిమిషాలు, మంట ఎంత, అన్నీ అడగమంది. రాస్తావా?

నీ శిష్యురాలు

*

జూలై 14

అమ్మాయ్,

నీ ఉత్తరం పొయ్యి దగ్గర మూడుసార్లు చదివాను. ఇస్త్రీ కాలరు అన్నావు చూడు, ఆ ఒక్క మాట పట్టుకుని ఈ వారం శొంఠిని కాస్త ముందే దించాను. షావుకారు గారు వేలికి అద్దుకుని నాకి చూసి “ఇవాళ కుదిరిందమ్మా” అన్నారు. ఆ మెప్పు నీదే, నేను మోసుకొచ్చి ఇస్తున్నాను.

నిమిషాలు అడగొద్దు. ఆ పని నిమిషాల మీద నడిచేది కాదు.

ఈ పొట్లం కొత్త సంచిలోది. దీనిలో అతిమధురమే ఎక్కువ. దీని సంగతి ఆలస్యం చెయ్యకుండా రాయి, ఇరవై ఐదులోపు నాకు అందాలి. జబ్బుపడి కోలుకుంటున్నవాళ్ల ఆసుపత్రి ఒకటి మా దుకాణానికి పెద్ద పని అప్పజెప్పింది. రోజూ పొద్దున్నే అరవై మందికి ఈ కషాయమే ఇస్తారట. షావుకారు గారు “ఇది నీ చేతి మీద వదిలేస్తున్నాను” అన్నారు. కాబట్టి వాసన బాగా చూసి, నిదానంగా, ఉన్నదున్నట్టు రాయి.

అత్త

*

జూలై 20

(పోస్టు చెయ్యలేదు)

అత్తా,

ఎలా రాయాలో తెలియక పెన్ను కొరుకుతూ కూర్చున్నాను.

కొత్త పొట్లం విప్పగానే నేనూ నిద్రమొహం ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నాం. తడిసిన గోనెసంచి వాసన. వాన నీళ్లలో నానిన బూట్లని మంచం కింద పెట్టి మర్చిపోతే వచ్చే వాసన. మరిగిస్తే పోతుందేమో అనుకున్నాం. మరిగిస్తే పెరిగింది. పక్కగది వాళ్లు ఒక గుక్క తాగి కిటికీలోంచి ఉమ్మేశారు. పొడుగు మాత్రం “వాగుడుకాయ వాళ్ల అత్త పంపింది, పారబోస్తే ఏం బాగుంటుంది” అని నా మొహం చూసి గ్లాసంతా తాగింది. గంట తిరక్కుండానే రెండుసార్లు వాంతి చేసుకుంది. వార్డెనమ్మ అడిగితే నెపం క్యాంటీన్ బజ్జీల మీదికి తోసేసింది పాపం. ఇప్పుడు బాగానే ఉంది.

నాకు తెలిసి ఈ అతిమధురానికి బూజు పట్టింది అత్తా. కానీ నీకు ఆ మాట ఎలా రాయను? నువ్వు ఉచితంగా పొట్లం మీద పొట్లం పంపుతున్నావు. నిమిషాలు అడిగితేనే నీకు కష్టం తోచింది. నీ పనిలోని గుట్టు ఆరా తీశానని అనుకుని ఉంటావు. ఇప్పుడు నీ చేతి కషాయం కంపు కొట్టిందని రాస్తే ఇంకెప్పుడైనా నాకు ఉత్తరం రాస్తావా? ఇరవై రెండేళ్లు ఆ పొయ్యి దగ్గర నిలబడ్డ మనిషివి, నీకు తెలియదా ఏంటి? బహుశా అది అలాగే ఉండాలేమో. నా ముక్కుకే తెలియలేదేమో.

*

జూలై 20

అత్తా,

కొత్త పొట్లం అందింది. నీ రుణం ఎలా తీర్చుకోవాలి చెప్పు!

విప్పగానే ఎవరో అటక మీది పాత పుస్తకాన్ని చాలా ఏళ్లకి తెరిచినట్టు అనిపించింది. ఆ పేజీల మధ్య నుంచి మెల్లగా తేనె కారినట్టు అతిమధురం. మరుగుతున్నప్పుడు వాన వెలిసిన సాయంత్రం మట్టిబాట మీద నడుస్తున్నట్టుంది. తాగాక చాలాసేపు మా గదిలో ఎవ్వరూ మాట్లాడలేదు. పొడుగైతే గ్లాసు అడుగు దాకా తాగింది. ఇలాంటిది తాగి ఎరగమని అందరూ అన్నారు.

మీ ఆసుపత్రి వాళ్లు అదృష్టవంతులు.

నీ శిష్యురాలు

*

జూలై 25

నా బంగారుతల్లికి,

నీ ఉత్తరం ఇవాళ పొద్దున్నే అందింది. చదివి ఆ గోనెసంచి మీదే కూలబడి కాసేపు ఏడ్చాను. భయపడకు, సంతోషంతో. ఇంతకాలం ఎవరికీ చెప్పని మాట నీకు చెప్పే హక్కు ఇవాళ నువ్వే సంపాదించుకున్నావు.

నాకు వాసన తెలియడం లేదే. మార్చిలో జ్వరం వచ్చింది కదా, అది పోతూ పోతూ ముక్కుని తీసుకుపోయింది. మొదట్లో జలుబు అనుకున్నాను. ఒక రోజు పొయ్యి మీద పాలు పొంగి మాడి గది నిండా పొగ వస్తే గాని తెలియలేదు. డాక్టరు తిరిగి రావచ్చు, రాకపోవచ్చు అన్నాడు. నాలుక మీద తీపి, చేదు, కారం తెలుస్తాయి. మిగతాదంతా గోడ.

నా పనేమిటో నీకు తెలుసు. వాసన తిరిగిన క్షణంలో మూకుడు దించడం. నేను గడియారం చూసి ఎన్నడూ వేయించలేదు. అందుకే నిమిషాలు అడిగితే చెప్పలేకపోయాను, నాకే తెలియదు. షావుకారు గారికి చెబితే ఆ రోజుతో నా పని సరి. ఈ మూకుడు తప్ప నాకు చేతనైంది ఇంకేముంది? అందుకని మొదట చేతి అలవాటు మీద, తర్వాత నీ ఉత్తరాలతో లాక్కొచ్చాను. నీకు రాయడం నేర్పుతున్నాననుకున్నావు. నేనే నీ ముక్కు అరువు తీసుకుంటున్నాను.

ఈ సంచి మీద నాకు అనుమానం ఉండేది. వానల్లో నాలుగు రోజులు గోడవారన పడి ఉంది. పైకి ఏమీ కనపడలేదు, ముక్కలు పొడిగానే ఉన్నాయి. నీ ఉత్తరం వచ్చాక ఆ బరువు దిగిపోయింది. మొత్తం సంచి వేయించేశాను. ముప్పై ఒకటో తారీఖు పొద్దున్న ఆసుపత్రి బండి వస్తుంది.

నువ్వు నాకేం చేశావో నీకు తెలియదు. ఏం ఇచ్చి నీ రుణం తీర్చుకోను?

అత్త

*

జూలై 29

అత్తా,

నీ ఉత్తరం మధ్యాహ్నం భోజనాల దగ్గర అందింది. చదివి కంచం వదిలేసి వార్డెనమ్మ గదికి పరిగెత్తాను. ఎంగిలిచెయ్యి కూడా కడుక్కోలేదు.

ఇంక రెండు రోజులే ఉన్నాయని, ఉత్తరం అందదని, ఫోను కావాలని ఏడుస్తూ చెప్పాను. వార్డెనమ్మ ఏమీ అడక్కుండా తన ఫోనే ఇచ్చారు. దుకాణం నెంబరు నీ పొట్లం మీద అచ్చేసి ఉంది కదా. నువ్వు ఎత్తుతావనుకున్నాను. షావుకారు గారు ఎత్తారు. నీ మేనకోడల్నని చెప్పాను.

“ఓహో, ఉత్తరాల కోడలివా! మీ అత్త బజారుకెళ్లిందమ్మా, సంచులకి దారం కావాలని. ఏం చెప్పమంటావ్?”

బండి రావడానికి ముందు నువ్వు మళ్లీ దొరుకుతావో లేదో, మర మోతలో నీకు వినపడుతుందో లేదో అనుకున్నాను. అరవై మంది రోగులు కళ్లముందు కనపడ్డారు.

“అతిమధురం పంపకండి. బూజు వాసన వస్తోంది. తాగి మా పొడుగు వాంతి చేసుకుంది” అన్నాను.

“పొడుగేంటి?”

“మా స్నేహితురాలండీ. దయచేసి మీరే ఒకసారి మూట విప్పి వాసన చూడండి.”

వెనక మర ఆగిపోయింది. తర్వాత నెమ్మదిగా, “మీ అత్త చూసే ఉంటుంది కదమ్మా? ఆవిడకి తెలియకుండా ఉంటుందా?” అన్నారు.

నాకు ఎన్ని మాటలు తెలుసో నీకు తెలుసు. ఒక్కటీ రాలేదు. నేను నోరు మూసుకున్న ఆ కాసేపట్లోనే ఆయనకి అంతా తెలిసిపోయి ఉంటుంది. “సరేనమ్మా” అని పెట్టేశారు.

దీనితోపాటు ఇరవయ్యో తారీఖున రాసి పోస్టు చెయ్యని ఉత్తరం పెడుతున్నాను. అదే నిజం. నువ్వు ఉన్నదున్నట్టు రాయమన్నావు. నీ మనసు కష్టపెట్టకూడదని నేను అందంగా రాశాను. పాత పుస్తకం అని రాసేటప్పుడు నా అంతట నాకే భలే రాశానని మురిసిపోయాను కూడా. నీ పని నేనే పోగొట్టాను. నన్ను తిట్టు. ఏమీ రాయకుండా మాత్రం ఉండకు.

నీ మేనకోడలు

*

ఆగస్టు 9

అమ్మాయ్,

పది రోజులు రాయకపోతే అత్త అలిగిందనుకుని ఉంటావు. మొదటి మూడు రోజులు నిజంగానే అలిగాను. ఆ తర్వాత అలగడానికి తీరిక లేకపోయింది.

దారం కొనుక్కుని వచ్చేసరికి షావుకారు గారు లోపలగదిలో మూట విప్పుకుని దాని ముందు కూర్చుని ఉన్నారు. నన్ను చూసి ఒక గుప్పెడు తీసి నా మొహం దగ్గర పెట్టారు.

“ఇదేం వాసనమ్మా?”

“అతిమధురం అండీ” అన్నాను. ఇంకేం చెప్పను, నాకు తెలిసింది అదే.

“ఎన్నాళ్లైంది?” అన్నారు.

“మార్చి నుంచి.”

ఆయన అరవలేదు. అరిస్తే బాగుండేది. “రోగులమ్మా వాళ్లు” అని ఒక్క మాట అని లేచి వెళ్లిపోయారు. నాకు భూమిలోకి దిగిపోవాలనిపించింది. ఆసుపత్రికి నాలుగు వారాలు గడువు అడిగి, కొత్త వేరు తెప్పించారు. ఆ సంచి పెరట్లో తగలబెట్టారు. నన్ను ముందుగదిలో కూర్చోబెట్టి సోంపులో పుల్లలు ఏరమన్నారు. మూకుడు ఆయన కొడుకు తీసుకున్నాడు. రెండు రోజుల్లో రెండు మూకుళ్లు మాడ్చాడు, వీధి వీధంతా దగ్గింది. పక్క కొట్టు దర్జీ ఆవిడ సూది చేతిలో పట్టుకునే వచ్చి “మీ మూకుడావిడేదీ, చచ్చిపోయిందా?” అని అడిగింది. నేను బల్ల వెనక నుంచి చెయ్యి ఊపాను.

ఇప్పుడు నీ సంగతి. నీ పాత పుస్తకం చదివినప్పుడు నాకు ఒక్క క్షణం గుండె ఆగింది. వాన, మట్టి, అటక, అన్నీ రాశావు. నలభై ఐదేళ్లదాన్ని, ఆ మాటలు ఎక్కడికి దారితీస్తాయో తెలియదా? కానీ పక్కనే తేనె అన్నావు, నేను ఆ తేనెనే పట్టుకున్నాను. నువ్వు నా మనసు కష్టపెట్టకూడదని రాశావు, నేను నా పని పోకూడదని చదివాను. కాబట్టి తప్పంతా నువ్వొక్కదానివే మోసుకుని తిరగకు, సగం ఇటివ్వు. అయినా అంత సొగసైన అబద్ధం నాకు ఇంతవరకూ ఎవరూ రాయలేదు. కొంప ముంచబోయినా, రాత మాత్రం బాగుంది.

ఆ ఫోను చేసినందుకు నీకు ఎలా చెప్పాలో నాకు తెలియడం లేదు. అరవై గ్లాసుల లెక్క నేను రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను. ఆ పొడుగు పిల్ల ఎలా ఉంది? నా తరఫున ఆ పిల్ల తల నిమురు, అందకపోతే స్టూలు ఎక్కు.

నిన్న షావుకారు గారు పిలిచారు. “కొత్త వేరు వచ్చింది. నీ చేతులు పోలేదు, కళ్లు పోలేదు. ఈసారి గడియారం పెట్టుకుని వేయించు. దించేముందు వాసన చూడటానికి దర్జీ ఆవిడని పిలువు. మొదటి పొట్లం మీ పిల్లలకి పంపు. వాళ్ల జాబు వచ్చాకే మూట కదులుతుంది. నిన్ను మూకుడు దగ్గర ఉంచాలా వద్దా అన్నది కూడా అప్పుడే చూద్దాం” అన్నారు.

అలా జీవితంలో మొదటిసారి గడియారంతో వేయించాను. శొంఠి సన్న మంట మీద ఏడు నిమిషాలు, సోంపు మూడు, అతిమధురం తొమ్మిది. మీ లెక్కలపిల్లకి ఇవ్వు. సోంపు వేయించేటప్పుడు దర్జీ ఆవిడకి గిరాకీ వచ్చి మధ్యలో వెళ్లిపోయింది. అది ఎలా వచ్చిందో మీరే చెప్పాలి.

వాసన చూసి రాయండి. ఈసారి నా మీద ప్రేమతో రాయకు.

అత్త

*

ఆగస్టు 15

అత్తా,

నలుగురం కలిసి రాస్తున్నాం. ఎవరి ముక్కు సంగతి వాళ్లే చెప్పాలని, నేను రాత మాత్రమే రాయాలని, అలంకారాలు చేర్చకూడదని ముందే ఒట్టు వేయించుకున్నారు.

పొడుగు: తడి వాసన లేదు. రెండుసార్లు చూశాను. భయంతో మూడోసారి కూడా చూశాను. తాగాను. వాంతి రాలేదు. స్టూలు అక్కర్లేదు, నేనే వంగాను, వాగుడుకాయ నా తల నిమిరింది.

లెక్కలపిల్ల: శొంఠి సరిగ్గా ఉందండీ. పోయినసారి ఇస్త్రీ వాసన లేదు. ఏడు నిమిషాలు ఖాయం చెయ్యొచ్చు.

నిద్రమొహం: అతిమధురం చాలా బాగుందండీ. “బాగుంది” అనకూడదట. అయితే, పొద్దున్నే లేవాలనిపించేలా ఉంది. నేనంటే అది పెద్ద మాటే.

నేను: సోంపు పచ్చిగా ఉంది అత్తా. నవ్వుతూ రావాల్సింది, మొహం ముడుచుకుని మూల కూర్చుంది. నీళ్లలో వేశాక పచ్చిగడ్డి వాసన వస్తోంది. నోట్లో చివరికి ఆ గడ్డే మిగులుతోంది. కోలుకునే మనిషికి పొద్దున్నే ఇది తాగితే వికారం పుట్టొచ్చు. మూట పంపొద్దు. సోంపు మళ్లీ వేయించాలి.

ఈ మాట రాసి పెన్ను కిందపెట్టి చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. దీన్ని చదివి షావుకారు గారు నిన్ను మూకుడు దగ్గర నుంచి లేపేస్తే అది నా చేతిరాతతోనే జరుగుతుంది. “మూడు బాగున్నాయి కదే, నాలుగోది కాస్త మెత్తగా రాయి” అంది నిద్రమొహం. రాయలేదు. పోస్టు డబ్బా దాకా నలుగురం కలిసి వెళ్లి వేస్తాం, దారిలో నేను మళ్లీ మనసు మార్చుకోకుండా.

ఇక్కడ ఇప్పుడు ముప్పై మందిమి తాగుతున్నాం. ఆయమ్మ మాకోసం పెద్ద గిన్నె కేటాయించింది. ఇదంతా నీ ఒక్క పొట్లంతో మొదలైంది. నువ్వు పని మానేసినా, ఇంకేం చేసినా, నాకు మాట విడదీసి చూడటం నేర్పింది నువ్వే.

నీ మేనకోడలు, ఇంకో ముగ్గురు

*

ఆగస్టు 20

పిల్లలూ,

కార్డు మీద చోటు తక్కువ, క్లుప్తంగా రాస్తాను.

మీ జాబు షావుకారు గారికే ఇచ్చి చదవమన్నాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని దుకాణం మధ్యలో నిలబడి గట్టిగా చదివారు. మొహం ముడుచుకుని మూల కూర్చుంది అన్నచోట దర్జీ ఆవిడ తన గిరాకీని తిట్టుకుంది. చివరిదాకా చదివి, కాయితం మడిచి, సోంపు సొరుగు తెరిచి ఒక గుప్పెడు నోట్లో వేసుకుని నమిలారు. “పచ్చిదే” అన్నారు. నేను మూకుడు తీసి ఆయన కొడుకు చేతికి ఇవ్వబోయాను.

“నీ సొంత మేనకోడలే నీకు వ్యతిరేకంగా ఇంత నికరంగా రాస్తుంటే, ఇంక నాకు భయమెందుకమ్మా? నువ్వే వేయించు” అన్నారు.

సోంపు మళ్లీ వేయించాను, నాలుగున్నర నిమిషాలు. దర్జీ ఆవిడ పక్కనే నిలబడి ఉంది, ఈసారి కొట్టు మూసుకుని వచ్చింది. ఆ పొట్లం దీని వెనకే వస్తోంది. విప్పేముందు కిటికీలు మూసుకోండి, గాలికి పోనివ్వకండి. నా వంతు కూడా మీరే పీల్చండి.

అత్త